పలకరింపుల మైకు

దవాఖానాలో కొత్తగా పనికి చేరే పిల్లలకు ఇప్పుడు ట్రైనింగులు బాగానే ఇస్తున్నారు. చేతులు ఎట్లా కడుక్కోవాలి, కిట్టు ఎట్లా తొడుక్కోవాలి, ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వేయాలి, అన్నీ బొమ్మలు చూపించి మరీ చెప్తారు. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పరు. రోగిని చూడ్డానికి వచ్చే చుట్టాలను ఏం చేయాలి? నేను ఆయమ్మగా పనిచేసినన్నాళ్ళూ రోగాలతో చేసిన యుద్ధం కంటే చుట్టాలతో చేసిందే ఎక్కువ. అందుకే, నాకు చదువు పెద్దగా లేకపోయినా, ఈ సంగతి మీకు చెప్పే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

నాది ముదిగొండ వైపు ఊరు. ఉద్యోగం మాత్రం పినపాక దాటినాక అడవి అంచున ఒక చిన్న సర్కారు దవాఖానాలో. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. ఇంక ఇంటికి పోయి కూర్చోవచ్చు అనుకుంటుండగానే మా స్టాఫులో సగం మంది జ్వరంతో పడుకున్నారు. మిగిలింది కొత్త డాక్టరు సారు, సిస్టరు, నేను. ఊళ్ళో ఇళ్ళన్నీ ఒక్క గదివి, జ్వరం వచ్చినవాళ్ళను విడిగా ఉంచేదెక్కడ? అందుకని సెలవుల్లో ఖాళీగా ఉన్న ఆశ్రమ పాఠశాలలో మంచాలు వేశాం.

డాక్టరు సారు పట్నం పిల్లవాడు. ముక్కుమీద కళ్ళజోడు, దానిమీద ప్లాస్టిక్ తెర, తెర లోపల చెమట. ఆ తెల్ల కిట్టు తొడుక్కుంటే మనిషి ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. ఎవరు ఎవరో తెలిసేది కాదు. సారును చూసి సిస్టరు అనుకునేవాళ్ళు, సిస్టరును చూసి సారు అనుకునేవాళ్ళు. నన్ను మాత్రం అందరూ చెప్పుల చప్పుడుతోనే పట్టేసేవాళ్ళు. నేను కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తాను.

రోగులు బుద్ధిమంతులే. బాధంతా బయటివాళ్ళతోనే. మా వైపు ఒక మనిషికి జ్వరం వచ్చిందంటే, మందు వేసుకోకపోయినా ఎవరూ ఏమనరు గానీ, వెళ్ళి పలకరించకపోతే మాత్రం సంబంధాలు తెగుతాయి. పలకరింపుకు ఒక పద్ధతి ఉంది. అరటిపండ్లో, బ్రెడ్డు పొట్లమో పట్టుకొని పోవాలి. మంచం మీదే కూర్చోవాలి. నుదురు ముట్టి చూడాలి. "గిట్ల చిక్కిపోయినవేందే" అనాలి. ఆ తరువాత, సరిగ్గా ఇట్లాంటి జ్వరమే వచ్చి పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాలి. చివరికి "నీకేం కాదులే" అని లేవాలి. ఇంత చేస్తేనే చుట్టరికం.

కరోనాకు ఈ పద్ధతి తెలియదు. లేకపోతే బాగా తెలిసే వచ్చిందేమో.

ట్రాక్టర్ల మీద వచ్చేవాళ్ళు, ఆటోల్లో వచ్చేవాళ్ళు. గేటుకు తాళం వేస్తే వెనక గోడ ఎక్కేవాళ్ళు. సిస్టరు అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకుంది.

"మేం ముట్టుకోం సిస్టరూ, జర చూసి పోతం" అని బతిమాలి లోపలికి పోయిన ఒక అమ్మ, కొంగుతో రోగి ముఖం తుడిచి, అదే కొంగుతో తన ముఖం తుడుచుకుంది. సారు అది చూసి గోడకు ఆనుకొని అట్లాగే కూర్చుండిపోయాడు.

ఇక లాభం లేదని ఊరూరా మైకులో చెప్పిద్దామన్నాడు సారు. మైకంటే మాకు టెంటుహౌసు భాయే. తాతల కాలం నుంచి వాళ్ళది మండలంలో అదే వ్యాపారం: షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, మైకుసెట్టు. ఆ ఏడు పెళ్ళిళ్ళన్నీ పదిమందిలో అయిపోతుండటంతో మైకు నోరు మూతబడి, భాయికి తోచక మతిపోతున్నది. పిలవగానే ఆటోకు మైకు కట్టుకొని వచ్చేశాడు.

"ఏం చెప్పాల్నో చెప్పుండ్రి సారూ. మిగతాది నాకొదిలెయ్యుండ్రి."

"జ్వరం వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు, చూడ్డానికి ఎవరూ రావద్దు, అంతే చెప్పండి" అన్నాడు సారు.

మర్నాడు పొద్దున గేటు ముందు జాతర. ముందురోజు కంటే రెండింతల జనం. సారుకు ఏమీ అర్థం కాలేదు. నేను ఒక ముసలాయన్ని పట్టుకొని అడిగాను.

"ఏంది తాతా, రావద్దని మైకుల చెప్పలేదా?"

"చెప్పిండ్రు బిడ్డా, మంచిగ చెప్పిండ్రు. మా బావమరిది గిక్కడున్నడని మాకు ఆ మైకోడు చెప్తేనే తెల్సింది. తెల్సినాక రాకుంటే ఏం బాగుంటది?"

భాయిని పిలిచి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఊరికే రావద్దంటే ఎవరూ వినరనీ, పేర్లు చెప్తే భయం పుడుతుందనీ అనుకొని, లోపలున్న ప్రతి రోగి పేరూ, ఊరూ, తండ్రి పేరుతో సహా చదివేశాడట. ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో చదివింపులు చదివిన గొంతు మరి. ఒక్క పేరు కూడా తప్పిపోలేదు.

సారు తల పట్టుకున్నాడు. "రోగుల పేర్లు అట్లా బయటికి చెప్పకూడదు భాయ్!"

"మీరు ముందు చెప్పలే సారూ. పెండ్లిల పేరు చదవకుంటే కొట్లాటకొస్తరు. నాకు గదే తెల్సు" అన్నాడు భాయి. నిజంగానే బాధపడ్డాడు. చెంపలు కూడా వేసుకున్నాడు.

వీళ్ళిద్దరూ ఇట్లా మాట్లాడుకుంటుండగా, ఆటోలో మైకు ఆన్‌లోనే ఉంది. ఇందాకటి తాత కాదు, ఇంకొక పెద్దాయన, నెమ్మదిగా వచ్చి మైకు చేతిలోకి తీసుకున్నాడు. ఆయన భార్య లోపల ఉంది. వచ్చిన దగ్గర్నుంచి గోడవైపు తిరిగి పడుకొని, అన్నం ముట్టక, మాట్లాడక ఉన్న మనిషి ఆమె.

"ఏమేవ్!" అన్నాడు మైకులో. ఆ అరుపుకు చెట్లమీది కాకులన్నీ లేచిపోయాయి. "పచ్చడి జాడీ ఏడ పెట్టినవే?"

లోపల మంచం కిర్రుమంది. కిటికీ దగ్గర ఆమె ముఖం కనిపించింది.

"అటక మీద! తడి చెయ్యి పెట్టకు!"

ముసలాయన తన చెయ్యి వంక చూసుకున్నాడు. "పెట్టిన" అన్నాడు మైకులో.

"పెట్టినవా? కొత్త పచ్చడిల? నేనొచ్చినాక చెప్త నీ సంగతి!"

ఆ మధ్యాహ్నం ఆమె కంచం పట్టుకొని కూర్చొని, కలుపుకొని కలుపుకొని అన్నం తిన్నది. ఇంటికి పోయి మొగుణ్ణి తిట్టాలంటే బలం కావాలి గదా. సిస్టరు ఆ మాట సారుకు చెప్పింది. సారు గేటు దాకా పోయి, "భాయ్, మైకు ఇక్కడే ఉంచండి" అన్నాడు.

అట్లా మొదలైంది మా పలకరింపుల మైకు. గేటు బయట ఒక మైకు, లోపల వరండాలో పొడుగు తీగతో ఇంకొకటి. ఎవరు మాట్లాడినా మైకుకు కొత్త పాలిథీన్ కవరు తొడగాలని సిస్టరు షరతు. పలకరించేవాళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వరుసలో నిలబడాలి. అరటిపండ్లు గేటు దగ్గర గంపలో పెట్టాలి. భాయికి సారు వాలంటీరు కార్డు రాయించి ఇచ్చాడు. భాయి దాన్ని మెడలో వేసుకొని, "నంబర్ ప్రకారం రాండ్రి, మీ చుట్టం ఏడికి పోతడు" అంటూ పెళ్ళిపెద్ద లాగా తిరిగేవాడు.

ఒక్కటే చిక్కు. సారు చిన్న డబ్బా స్పీకరు వరండాలో పెట్టమన్నాడు. భాయి దగ్గర చిన్నది లేదు.

"పెండ్లి సెట్టే ఉంది సారూ. నాలుగు కొమ్ము స్పీకర్లు. నాలుగు దిక్కులకు కట్టుడే నాకలవాటు."

అంటే గేటు దగ్గర గుసగుసలాడినా ఊరంతా వినాల్సిందే. ఎవరి బర్రె ఈనింది, ఎవరి కోడలు అలిగి పోయింది, ఎవరి పంపుమోటరు కాలింది, మొత్తం మండలానికి తెలిసిపోయేది. అడవిలోని ఒక గూడెం నుంచి వచ్చిన పెద్దమనిషి కోయ మాటల్లో చాలాసేపు మాట్లాడాడు. గొంతు గంభీరంగా ఉంది. సారు భయపడి నన్నడిగాడు, "ఆయమ్మా, ఎవరైనా పోయారా?" అని. ఆ మాటలు నాకు కొంచెం వచ్చు. "లేదు సారూ, పొదిగేసిన కోడి గుడ్లన్నీ పిల్లలైనాయట. ఏ పిల్ల ఏ రంగో చెప్తున్నడు" అన్నాను.

అడవి నుంచి బీడీల తునికాకు తెచ్చే ఆడవాళ్ళు రోడ్డుకు అవతల నీడలో దూరం దూరంగా కూర్చొని, ఆకు కట్టలు కట్టుకుంటూ రోజూ వినేవాళ్ళు. టీవీలో సీరియళ్ళు బంద్ చేసి మరీ వచ్చేవాళ్ళు. సిస్టరు తెలివైనది. వాళ్ళెట్లాగూ వస్తున్నారు కదా అని, అందులో నలుగురికి జ్వరం చూడటం, వేలికి క్లిప్పు పెట్టి ఊపిరి లెక్క చదవటం నేర్పింది. ఆ తరువాత వాళ్ళే ఊళ్ళలో తిరిగి, ఊపిరి తగ్గినవాళ్ళను ముందే పట్టుకొని మాకు పంపేవాళ్ళు. పెద్ద పెద్ద మీటింగుల్లో దొరకని మనుషులు మాకు ఆ నీడలో దొరికారు.

ఇక పెద్దమ్మ సంగతి చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్ళలో ఒకప్పుడు పురుళ్ళన్నీ పోసిన మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దది. నోరు కూడా నాకంటే పెద్దది. జ్వరంతో వచ్చి మంచమెక్కినా, "ఆయమ్మా, ఆ చెప్పులు ఈడ్వకే, నేల అరిగిపోతది" అని పడుకునే వెక్కిరించేది. సిస్టరు సూది గుచ్చితే, "నీ అమ్మ కడుపుల నుంచి నిన్ను గీ చేతులతోనే తీసిన, మెల్లగ పొడువు" అనేది. ఆ సిస్టరుది వరంగల్. అయినా అడ్డు చెప్పేది కాదు.

రోజూ పలకరింపులు మొదలయ్యేసరికి పెద్దమ్మ చెవులు రిక్కించుకొని వినేది. ఆమెకు వచ్చే జనం మామూలు జనం కాదు. ఆమె చేతిలో పుట్టినవాళ్ళే సగం మండలం. కానీ ఎంతమంది వచ్చినా, చివర్లో నన్నడిగేది, "గంతేనా? ఇంకెవ్వరు రాలేదా?" అని.

ఆమె ఎదురుచూసేది వియ్యపురాలి కోసం. పెద్దమ్మ ఒక్కగానొక్క బిడ్డను మణుగూరు దగ్గర బొగ్గుబాయి కాలనీలో ఇచ్చింది. అల్లుడు బాయిలో పనిచేస్తాడు. రెండేళ్ళ కింద మనవడి పుట్టువెంట్రుకల దావతులో, బంతి నిండా జనం కూర్చొని ఉండగా, పెద్దమ్మ మాంసం ముక్క కొరికి, "ఏటకూర ఉడకలేదు" అన్నది. వండించిన వియ్యపురాలు విన్నది. "నువ్వు సచ్చినా నువ్వున్న కాడికొచ్చి గడప తొక్కను" అన్నది. అంతే, అప్పట్నుంచి మాటల్లేవు.

ఒకరోజు పొద్దున క్లిప్పు పెట్టి చూసిన సిస్టరు ముఖం మారిపోయింది. సారు వచ్చి చూశాడు. పెద్దమ్మ ఊపిరి పడిపోతున్నది. మా దగ్గరున్న చిన్న సిలిండరు పెట్టి, భద్రాచలం పెద్ద దవాఖానాకు పంపాలని అంబులెన్సు పిలిపించాడు. అక్కడికి పోతే బతుకుతుంది, ఇక్కడుంటే ఈ సిలిండరు ఉన్నంతసేపే అన్నాడు.

పెద్దమ్మ మంచం కోడు పట్టుకుంది.

"పోను."

"ఎందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఆమె రావాలె. వచ్చి నన్ను పలకరించాలె. అప్పుడే పోత."

"ప్రాణం మీదికొస్తే ఇప్పుడు నీకు పంతం కావాల్నా?"

పెద్దమ్మ మూతికున్న మాస్కు కొంచెం పక్కకు జరిపింది. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"పంతం గాదే పిచ్చిదానా. నేను పోతే... ఆ కొట్లాట నాతోని పోదు. నా బిడ్డ నెత్తిన పడ్తది. దినాం ఎత్తిపొడుపే. నలుగుర్ల అన్న మాట... నలుగుర్లనే తీసెయ్యాలె."

సారు చెప్పాడు, సిస్టరు ఏడ్చినంత పని చేసింది, డ్రైవరు హారను కొట్టాడు. పెద్దమ్మ మాత్రం కోడు మీద చెయ్యి వదల్లేదు.

నేను వరండాలోకి వచ్చి వియ్యపురాలికి ఫోను చేశాను. విషయమంతా చెప్పాను.

"ఒట్టేసుకున్న గదమ్మా" అన్నది. "గడప తొక్కనని పిల్లగాని నెత్తి మీద చెయ్యిపెట్టి అన్న. ఒట్టు తప్పితే పిల్లగానికేమన్నైతే?"

నా ఫోనులో అవతలి మాట గట్టిగా బయటికే వినిపిస్తుంది కదా, గేటు అవతల నుంచి భాయి మొత్తం విన్నాడు.

"ఆయమ్మా, అడుగు ఆమెను. గడప తొక్కనన్నదా, మాట్లాడనన్నదా?"

అడిగాను. గడపే అన్నానన్నది.

"మరింకేంది! జల్దీ రమ్మను. రోడ్డుమీద నిలబడి నా మైకుల మాట్లాడుమను. మైకుకు గడప ఏడిది?"

కొడుకు బండి మీద వియ్యపురాలు ఎండలో ముఖం కందిపోయి దిగింది. చేతిలో టిఫిను డబ్బా. ఆకు కట్టలు కట్టేవాళ్ళు చేతులాపి లేచి నిలబడ్డారు. భాయి తనే కవరు తొడిగి, మైకు అందించాడు. ఏదో రెండు మెత్తని మాటలు అంటుందని మేమందరం ఆశగా చూస్తున్నాం.

"ఏం వదినా!" అన్నది వియ్యపురాలు. నాలుగు కొమ్ములూ ఒక్కసారి మోగాయి. "కూర ఉడకలేదంటివి గద! పళ్ళు నీయి కదిలితే నా కూరను అంటవా?"

సారు రెండు చేతులూ పైకెత్తాడు. "ఆపండి, ఆపండి, ఎవరైనా మైకు ఆపండి!"

భాయి ఆపలేదు. "ఉండుండ్రి సారూ, పెండ్లిల గూడ ఫస్టు గిట్లనే ఉంటది" అన్నాడు.

"నాలుగు పొయ్యిలు పెట్టిచ్చిన! పొద్దుగాల నుంచి నిలబడి ఉడికిచ్చిన! బంతిల మొదట ముక్క నీకే ఏసిన! నువ్వేమంటివి? ఉడకలే అంటివి! మా ఆడబిడ్డలు ఇప్పటికీ నవ్వుతరు!"

లోపల పెద్దమ్మ అవస్థ చూడాలి. నోటికి మాస్కు, మాట్లాడితే ఊపిరాడదు. మాట్లాడకపోతే ప్రాణం ఆగదు. కాళ్ళు మంచానికేసి కొట్టుకుంటున్నది. చేత్తో నన్ను పిలుస్తున్నది, ఏదో చెప్పమని వేళ్ళతో సైగలు చేస్తున్నది. ఎప్పుడూ జవాబు లేకుండా ఉండని మనిషి, రెండేళ్ళ నుంచి దాచుకున్న జవాబు నోట్లో పెట్టుకొని కుమిలిపోతున్నది.

అప్పుడు బయట గొంతు మారింది.

"ఇగో వదినా, ఊరంత వింటున్నది, అందుకే చెప్తున్న. ఆ కొట్లాట నీకు నాకు. నీ బిడ్డకు దాంతోటి ఏం సంబంధం? రెండేండ్ల సంది పిల్లనొక్క మాటన్న అన్ననా? అడుగు. నా ఇంట్ల నాకంటె ముందు అన్నం తింటది అది. నువ్వున్నా గంతే. నువ్వు..." ఇక్కడ కొమ్ముల్లో గరగరమని చప్పుడొచ్చింది. వియ్యపురాలు ముక్కు చీదింది. అది కూడా ఊరంతా విన్నది. "నువ్వు లేకుండ మాత్రం ఎట్ల పోతవ్? మళ్ళ ఏటను కోస్త. నువ్వే వండు. ఎట్ల ఉడికిస్తవో నేను జూడాలె."

పెద్దమ్మ కాళ్ళు ఆగాయి. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. అయినా చెయ్యి మళ్ళీ ఎత్తి మైకు వైపు చూపించింది. జవాబు చెప్పాలట.

సారు మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెర లోపల ఆయన కళ్ళజోడు మొత్తం మసకబారి ఉంది.

"పెద్దమ్మా, జవాబు చెప్పాలంటే ఊపిరి కావాలి. నీ ఊపిరి భద్రాచలంలో ఉంది. పోయి తెచ్చుకుంటావా, ఆమెదే పైచెయ్యి అని ఊరుకుంటావా?"

మంచం కోడు మీద చెయ్యి వదిలేసింది.

స్ట్రెచరు గేటు దాటుతుంటే వియ్యపురాలు దూరంగా రోడ్డు అంచుకు జరిగి, టిఫిను డబ్బా నాకు చూపించింది. "కూర తెచ్చిన. బాగ ఉడికిచ్చిన" అన్నది మెల్లగా. ఆ మాటా మైకులో పడింది.

తరువాతి రోజుల్లో పలకరించడానికి వచ్చేవాళ్ళంతా తమ చుట్టం సంగతి అడిగే ముందు, మైకులో "పెద్దమ్మ ఎట్లున్నది?" అని అడిగేవాళ్ళు. భద్రాచలం నుంచి ఫోను వస్తే సారు తనే మైకు పట్టుకొని చెప్పేవాడు. రోగుల సంగతి బయటికి చెప్పకూడదన్న మనిషి. పెద్దమ్మే ఫోనులో, "అందరికి చెప్పుమను, నేనింకా పోలేదని" అన్నదట.

పెద్దమ్మ తిరిగి వచ్చింది. చిక్కిపోయి వచ్చింది గానీ నోరు అంతే ఉంది. జ్వరాలు సద్దుమణిగాక, మణుగూరు కాలనీలో దావతు. నేనప్పటికి రిటైరయ్యాను. సారు, సిస్టరు, క్లిప్పు పెట్టే ఆడవాళ్ళు అందరం పోయాం. షామియానా, మైకు భాయివే. పెద్దమ్మ పొయ్యి దగ్గర పీట వేసుకొని కూర్చొని, ఎవర్నీ గరిటె ముట్టనివ్వకుండా కూర వండింది. ఉడికిందా అని ఒక ముక్క నోట్లో వేసుకున్న అల్లుణ్ణి కూడా తరిమింది.

బంతిలో మొదటి ముక్క వియ్యపురాలికి వేసింది. వేసి, పక్కనే చేతులు కట్టుకొని నిలబడింది. తినేవాళ్ళంతా తినడం ఆపి చూస్తున్నారు. వియ్యపురాలు నమిలింది. చాలాసేపు నమిలింది. మంచినీళ్ళు తాగింది. చెయ్యి కడుక్కుంది.

"భాయ్, జర మైకియ్యి."

భాయి ఇచ్చాడు.

"ఉడికింది" అన్నది వియ్యపురాలు. కాలనీ అంతా మోగింది. పెద్దమ్మ తల ఎత్తింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. వియ్యపురాలు మాత్రం మైకు కింద పెట్టలేదు.

"గని, ఉప్పు..."

భాయి వైరు పీకేశాడు.